తుడవకండి బాబూ, అరిగిపోతుంది

కారు రంగును పాడు చేసేది ఎండ కాదు, వాన కాదు, ఆఖరికి మన రోడ్లు కూడా కాదు. పాడు చేసేది యజమాని ప్రేమ. ఈ మాట వినగానే కారున్నవాళ్లకి కోపం వస్తుంది, లేనివాళ్లకి సంతోషం వేస్తుంది. రెండూ తొందరపాటే. విజయనగరంలో కంటోన్మెంట్ కానివ్వండి, తోటపాలెం కానివ్వండి, దాసన్నపేట కానివ్వండి, పొద్దున్న ఆరున్నర వేళ ఒక దృశ్యం తప్పదు. లుంగీ ఎగ్గట్టిన ఒక పెద్దమనిషి, ఒంటి మీద సర్వీసు పూర్తి చేసుకుని రిటైరైన ఒక బనీను ముక్క, రాత్రి మంచుకి తడిసి పేరుకున్న పల్చటి దుమ్ము, దాని కింద కారు. ఆయన ఆ ముక్కని బానెట్ మీద గుండ్రంగా, ఓపిగ్గా, అంగుళం వదలకుండా తిప్పుతాడు. దారినపోయేవాళ్లు "కారంటే ఎంత ప్రేమో" అని మెచ్చుకుంటారు. ఎదురింటాయన కారు దుమ్ము కొట్టుకుని ఉంటుంది. ఆయన వరండాలో కూర్చుని కాఫీ తాగుతూ ఉంటాడు. వీధి వీధంతా ఆయన్ని బద్ధకస్తుడంటుంది. నా వాదన ఏమిటంటే, ఈ ఇద్దరిలో కారును కాపాడుతున్నది కాఫీ తాగుతున్నాయనే. బనీను ముక్కాయన రోజూ తన కారును తన చేత్తోనే అరగదీస్తున్నాడు. మూడేళ్లు తిరిగేసరికి బానెట్ నిండా సన్నగీతలు కనిపించి, ఆయనే విశాఖపట్నంలో డిటైలింగ్ షాపు ఎక్కడుందో వాకబు చేస్తాడు. అక్కడ వేలకు వేలు పోసి, అరిగినదాన్ని మెషిన్‌తో మరికాస్త అరగదీయించుకుని, అద్దంలా ఉందని ముచ్చటపడి ఇంటికొస్తాడు. మర్నాడు ఆరున్నరకి మళ్లీ బనీను ముక్క. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. బద్ధకం దగ్గర తెంపడం అన్నిటికన్నా చవక.

ముందు ఆ గీతల సంగతి. షాపువాళ్లు వీటిని స్విర్ల్ మార్కులంటారు, మనవాళ్లు సాలెగూడు గీతలంటారు. మే నెల ఎండలో గంటస్తంభం దగ్గర నల్లకారు ఆపి చూడండి. బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం, దాని చుట్టూ వందలాది సన్నటి వలయాలు, ఒకదాని చుట్టూ ఒకటి. గుండ్రంగా తుడిచాం కనక గుండ్రంగా పడ్డాయని అందరూ అనుకుంటారు. అందుకే "నిలువుగా తుడవండి, గీతలు పడవు" అని సలహా ఇచ్చే మేధావులు ప్రతి పార్కింగులోనూ ఒకరుంటారు. నిజానికి ఆ గీతలు గుండ్రంగా లేవు. నిలువు, అడ్డం, ఏటవాలు, అన్ని దిక్కులా ఉన్నాయి. వాటిలో వెలుగుకి అడ్డంగా తిరిగి ఉన్న గీతలే ఆ కాంతిని మన కంటి వైపు విసురుతాయి. మిగతావి ఉన్నా కనపడవు. వెలుగు చుట్టూ అలా అడ్డం తిరిగిన ముక్కలన్నీ కలిసి మనకి వలయాలుగా తోస్తాయి. ఒక అడుగు పక్కకి జరగండి, సూర్యుడి ప్రతిబింబంతో పాటు సాలెగూడు కూడా జరుగుతుంది. అంటే భార్యకి కనిపించే సాలెగూడు వేరు, భర్తకి కనిపించేది వేరు. ఇద్దరూ ఒకే కారు చూస్తూ "ఇక్కడుంది", "కాదు, అక్కడుంది" అని వాదించుకుంటే ఇద్దరిదీ నిజమే. నిలువుగా తుడిచే మేధావి సాధించేది ఒక్కటే: తన గీతలన్నిటినీ ఒక్క దిక్కుకి తిప్పుకోవడం. కొన్ని కోణాల్లో అవి మాయమవుతాయి, మిగతా కోణాల్లో నిలదీస్తాయి. గీతను తెచ్చేది తుడిచిన దిక్కు కాదు, తుడవడమే.

ఇప్పుడు ఆ గీత దేని మీద పడుతోందో చూద్దాం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు మీద రంగంతా కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే లక్షలు పోసి కొన్న బండి అందమంతా రెండు వెంట్రుకల దళసరి. అందులోనూ అడుగున తుప్పు పట్టకుండా కరెంటుతో పట్టించే పొర 20 మైక్రాన్లు, దాని మీద ప్రైమర్ ఓ 30, దాని మీద మనం ఎంతో చర్చించి, ఇంటిల్లిపాదినీ సంప్రదించి ఎంచుకున్న అసలు రంగు 15 నుంచి 20. వీటన్నిటి మీదా రంగు లేని పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, అదే క్లియర్ కోట్. దాని మందం 35 నుంచి 50 మైక్రాన్లు. మెరుపు దానిదే, ఎండను ఆపే రసాయనాలూ దానిలోనే, గీతలు పడేదీ దాని మీదే, పాలిష్ షాపువాడు కోసేదీ దాన్నే. గట్టి కాంపౌండుతో మెషిన్ పెట్టి రుద్దితే ఒక దఫాలో మూడు నాలుగు మైక్రాన్లు పోవచ్చు. మెత్తటి పాలిష్ అయితే ఒక మైక్రాన్ లోపే. అంకెలు చిన్నవే గాని ఈ క్లియర్ కోట్ తాతగారు రాసిచ్చిన పొలం లాంటిది. అమ్ముకోవడమే తప్ప మళ్లీ కొనడం ఉండదు. ఒక చెక్క అమ్మితే పండగ ఘనంగా జరుగుతుంది, ఊరు మెచ్చుకుంటుంది, పొలం మాత్రం చెక్క తగ్గుతుంది. పాలిష్ చేయించుకొచ్చిన కారు చూసి "కొత్త మెరుపు వచ్చింది" అంటారు. కొత్తగా వచ్చిందేమీ లేదు. పాతది కొంత పోయింది, పోగా మిగిలింది మెరుస్తోంది.

"గీతలు పోవడానికే కదండీ పాలిష్" అని ఎవరైనా అడ్డు రావచ్చు. నిక్కచ్చిగా చెప్పాలంటే పాలిష్ గీతలను తీసెయ్యదు, మార్చుతుంది. పెద్ద గీతల బదులు చిన్న గీతలు, వాటి బదులు ఇంకా చిన్నవి, అలా కంటికి ఆననంత చిన్నవయ్యేదాకా. ఇది తెలియాలంటే శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు వెళ్లాలి. అక్కడ దొరికే నీలి గ్రానైట్ దేశదేశాలకీ వెళ్తుంది. పాలిషింగ్ యూనిట్లో పలకను ముందు ముతక రాయితో, తరవాత సన్నరాయితో, ఆ తరవాత మరీ సన్నరాయితో, వరసగా మెట్లు దిగినట్టు రుద్దుకుంటూ పోతారు. ఒక్క మెట్టు దాటేసినా ముందరి మెట్టు గీతలు ఆఖరి మెరుపులో బయటపడతాయి. కారుకీ ఇదే శాస్త్రం, ఇవే మెట్లు. తేడా ఒక్కటే. ఆ గ్రానైట్ పలక మందం 18, 20 మిల్లీమీటర్లు. మన క్లియర్ కోట్, ఎంత ధారాళంగా లెక్కేసినా, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. రాయి రుద్దేవాడి దగ్గర మనకన్నా 400 రెట్ల సరుకుంది. అతను చెయ్యి జారితే "మళ్లీ మొదలెడదాం" అంటాడు. కారు రుద్దేవాడు చెయ్యి జారితే "సార్, ఆ డోరు ఒకసారి పెయింటు వేయించేద్దాం" అంటాడు.

అలాగని మెషిన్ పాలిష్ పనిని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. బాగా చేసేవాడి చేతిలో అది నిజంగా చూడదగ్గ పని. ముందు కారును కడిగి, జిగురు మట్టిలా సాగే క్లే ముద్దతో నీళ్లు చల్లుతూ రాసి, కడిగినా పోని మురికిని లాగేస్తాడు. రబ్బరు అంచులకీ, లోగోకీ, బాడీ మడతలకీ మాస్కింగ్ టేపు వేస్తాడు. ఎందుకంటే అంచుల మీద రంగు మిగతా చోట్లకన్నా పల్చగా నిలుస్తుంది, మెషిన్ వేడి అక్కడే ముందు తగులుతుంది. గేజి పెట్టి మందం చూస్తాడు. ఈ గేజి గొప్ప సత్యవాది. బానెట్ మీద 120 చూపించి ఎడమ డోరు మీద ఏకంగా 600 చూపిస్తే, ఆ డోరుకి పుట్టీతో కూడిన పూర్వజన్మ ఒకటుందని అర్థం. ఆ కారుని "ఒక్క గీత పడనివ్వలేదండీ, డాక్టరు గారి బండి" అని అమ్మిన బ్రోకరు మొహం ఆ సమయంలో చూడాలి. ప్లాస్టిక్ బంపరు మీద మాత్రం మామూలు గేజి పలకదు. అక్కడ అంతా భగవంతుడి మీదా, పనివాడి అనుభవం మీదా భారం. తరవాత రెండడుగుల చదరం మేర తీసుకుని, ఫోమ్ ప్యాడు మీద నాలుగు చుక్కల పాలిష్ పెట్టి, మెషిన్‌ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, సగం సగం కలిసేలా నింపాదిగా నడుపుతాడు. తుడిచి, ఆల్కహాల్ కలిపిన నీళ్లు కొట్టి, లైటు వేసి చూస్తాడు. ఆ ఆల్కహాల్ ఎందుకంటే, కొన్ని పాలిష్‌లలో నూనెలుంటాయి. అవి గీతల్లోకి దిగి గీతను కప్పెట్టి తాత్కాలికంగా మాయం చేస్తాయి. పని ముగిసిన పూట మహా మెరుపు, రెండు వాష్‌లు కాగానే పాతగీతలు పెళ్లికి పిలవకపోయినా వచ్చిన బంధువుల్లా హాజరు. నిజాయతీపరుడైన పనివాడు నూనె కడిగేసి గీత నిజంగా పోయిందో లేదో ముందే చూసుకుంటాడు. వాడు ఎక్కువ డబ్బడిగితే బేరమాడకండి.

మెషిన్లలోనూ రెండు జాతులున్నాయి. రోటరీ అనేది ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. త్వరగా కోస్తుంది, త్వరగా వేడెక్కుతుంది, చెయ్యి తిరగనివాడి చేతిలో పడితే హోలోగ్రామ్ అనే కొత్తరకం గీతలు ప్రసాదిస్తుంది. ఎండ పడినప్పుడు బానెట్ మీద పాములు కదిలినట్టు కనిపించేవి అవే. రెండోది డ్యూయల్ యాక్షన్. తిరుగుతూనే ఊగుతుంది. ప్యాడు ఒకే దారిలో రెండోసారి వెళ్లదు కనక గీతలు ఒక వరసలో పేరుకోవు, వేడీ తక్కువ. ఇటలీ కంపెనీ రూపెస్ 15 మిల్లీమీటర్లు, 21 మిల్లీమీటర్ల ఊపుతో ఇలాంటి మెషిన్లు తెచ్చాక ప్రపంచమంతా పెద్ద ఊపు వైపు మళ్లింది. మన వీధి చివర డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో మాత్రం ఇప్పటికీ రోటరీదే రాజ్యం. దానికి ఉన్ని ప్యాడు, డబ్బాలో కాంపౌండు, పక్కనే ఎఫ్‌ఎమ్ రేడియో. మేస్త్రీ "రబ్బింగ్ కొట్టీమంటారా బాబూ?" అని అడిగేటప్పుడు ఆ గొంతులో ఎంత ఆప్యాయత ఉన్నా, వెంటనే ఊఁ అనకండి. ఆ "కొట్టీడం"లో ఎన్ని మైక్రాన్లు కొట్టుకుపోతాయో కొలిచే గేజి ఆ షెడ్డులో ఉండదు.

ఇక్కడ పెద్దవాళ్ల అభ్యంతరం ఒకటి వస్తుంది. "శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి బిందెల్ని మా అమ్మమ్మల కాలం నుంచీ చింతపండేసి తోముతున్నాం. అరిగిపోయాయా?" అని. అరిగాయి. కాకపోతే ఇత్తడి బిందె పైనుంచి లోపలిదాకా ఇత్తడే. ఎంత తోమినా కింద మళ్లీ ఇత్తడే కనపడుతుంది. కారు అలా కాదు. యాభై మైక్రాన్లు దాటితే అసలు రంగు, ఇంకొంచెం దాటితే ప్రైమర్, ఇంకొంచెం దాటితే ఇనుము. ఇత్తడిలా మెరవాలంటే ఇత్తడిలా లోపలిదాకా ఒకేలా ఉండాలి. మనుషుల్లోనే అది అరుదు, కార్లకెక్కడిది? ఈ అలవాటు మనకెలా వచ్చిందో కూడా చెప్పొచ్చు. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే రంగు తెచ్చింది. అంతవరకూ కారుకి రంగేసి ఆరబెట్టడమంటే వారాల వ్యవహారం. డ్యూకోతో అది గంటల్లోకొచ్చింది. ఆ పేరు మనదేశంలో ఎంత పాతుకుపోయిందంటే ఇప్పటికీ బీరువాలకీ, మంచాలకీ డ్యూకో పెయింటు వేయిస్తున్నాం. ఆ కాలం నుంచి దశాబ్దాలపాటు కార్ల రంగుల్లో పైన వేరే పారదర్శకమైన పొర లేదు. రంగే పైపొర. 1950ల చివర మొదలై 2014 దాకా తయారైన అంబాసిడర్ చాలా కాలం అలాంటి రంగుతోనే తిరిగింది. ఎండకి ఆ రంగు సుద్దలా వెలిసేది. రుద్దితే వెలిసిన పొర పోయి కింద తాజా రంగు బయటపడేది. రుద్దిన గుడ్డకి కారు రంగు అంటేది. అంటే అప్పట్లో డ్రైవరు రోజూ రుద్దడానికి ఒక అర్థం ఉంది. రంగు మారింది, పొర మారింది, బండే మారింది, చెయ్యి మాత్రం అంబాసిడర్ చెయ్యిగానే మిగిలిపోయింది.

ఇంక అందరికన్నా గట్టి అభ్యంతరం: "దుమ్ము తుడవకపోతే దుమ్మే పాడు చేస్తుంది కదా?" దీనికి మన ఊరి దుమ్ము ఏమిటో ముందు తెలుసుకోవాలి. ఉత్తరాంధ్ర కొండలకి ఆధారమైన రాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైట్ అంటారు. కొండల్లో ఉండే ఖోందుల పేరు మీదే ఆ పేరు. అందులో ఉండేవి క్వార్ట్జ్, గార్నెట్, సిల్లిమనైట్. క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానం మీద 7. గార్నెట్ ఆరున్నర నుంచి ఏడున్నర. శ్రీకాకుళం తీరపు ఇసుకలో కూడా గార్నెట్ ఉంది. గార్నెట్‌ని ప్రపంచమంతా దేనికి వాడుతుందో తెలుసా? గరుకు కాగితం తయారు చెయ్యడానికి. అంటే కొండలు అరిగి, గాలికి లేచి, మన బానెట్ మీదికి వచ్చి కూర్చున్నది సాక్షాత్తూ గరుకు కాగితం పొడి. దానికి తోడు, 1890లలోనే మాంగనీస్ తవ్వకం మొదలైన జిల్లా మనది. గరివిడి, చీపురుపల్లి దారిలో ఒక ఖనిజం లారీ వెనక పది కిలోమీటర్లు ప్రయాణించిన కారుకి ఏమేం అంటి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఈ దుమ్ము కారు మీద ఊరికే కూర్చుని ఉన్నంతసేపూ గీత గీయలేదు. దానికి చేతుల్లేవు. ఎండిన బనీను ముక్కతో మనం అదిమి తిప్పినప్పుడే దానికి చేతులొస్తాయి, అవి మన చేతులే. గుడ్డ మెత్తనైతే చాలుననుకోవడం కూడా భ్రమ. శ్రీకాకుళం దగ్గర పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, సన్న నూలు వడికి నేసిన ఖద్దరు ఉంది. అంత మృదువైన గుడ్డ తెచ్చి తుడిచినా, మధ్యలో గార్నెట్ ఉన్నంతసేపూ ఫలితం ఒకటే. పైగా పాపం, పొందూరు ఖద్దరు కూడా పోతుంది.

కాబట్టి దుమ్మును వదిలెయ్యమని కాదు, తుడవకండి, కడగండి అంటున్నాను. ముందు బోలెడన్ని నీళ్లు పై నుంచి పోసి దుమ్మును దాని దారిన దాన్ని పంపించాలి. తరవాత షాంపూ నీళ్లు ఒక బకెట్లో, గుడ్డ ఝాడించుకునే నీళ్లు వేరే బకెట్లో. పై నుంచి కిందికి, చక్రాలు ఆఖర్న. "అన్ని నీళ్లు ఎక్కడివండీ, మా కుళాయి రోజు విడిచి రోజు" అంటే, అందుకే మన సిద్ధాంతం బద్ధకం. నీళ్లు లేని రోజు కారు ముట్టుకోకండి. అసలు ప్రమాదం అపార్టుమెంట్లలో ఉంది. నెలకింతని మాట్లాడుకుని పాతిక కార్లు తుడిచే కుర్రాడు ఒక్క బకెట్టూ, ఒక్క గుడ్డతో సెల్లార్ చుట్టి వస్తాడు. "నీల్లు సాలవు బాబూ, ఒక్క బకెట్టుతోనే అన్నీ లాగించీయాల" అంటాడు. తప్పు అతనిది కాదు, మనం ఇచ్చే డబ్బుకి అంతే వస్తుంది. ఆ బకెట్టు మొదటి కారు దగ్గర నీళ్లు, పదో కారు దగ్గర టీ, ఇరవయ్యో కారు దగ్గర చారు. ఫస్టు ఫ్లోరు వారి చక్రాల మట్టి ఫోర్త్ ఫ్లోరు వారి బానెట్ మీదికి, ఫోర్త్ ఫ్లోరు వారి బీచ్ ఇసుక సెక్రటరీ గారి డిక్కీ మీదికి చేరుతుంది. అసోసియేషన్ మీటింగుల్లో ఏనాడూ కుదరని సమానత్వం ఆ గుడ్డ ఒక్కటే సాధిస్తోంది. ఒకే ఒక్క మినహాయింపు ఒప్పుకుంటాను: పక్షి రెట్ట. అది ఎండలో ఉండిపోతే క్లియర్ కోట్‌ని కొరికేస్తుంది. దాన్ని వెంటనే తియ్యాలి, అదీ తడిగుడ్డ కాసేపు కప్పి నానబెట్టి, ఎత్తి తియ్యాలి. గోరుతో గీకే వీరులు ఆ వీరత్వం వేరే చోట చూపించుకోవాలి.

దసరా వస్తే విజయనగరంలో కారు పరిస్థితి ఇంకా సున్నితం. ఆయుధపూజ రోజున బానెట్ మీద విభూతి మూడు పట్టీలు, మధ్యలో గంధం, దాని మీద కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ. ఆ పైన వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మాను మీదున్న పూజారి వైపు భక్తులు అరటిపళ్లు విసురుతారు. గురి తప్పినవి ఎక్కడ వాలతాయో అమ్మవారికే ఎరుక. ఆ దారిలో కారు ఆపుకున్నవాడిది భక్తి అనాలో ధైర్యం అనాలో తెలియదు. పూజలు మానమని నేననను. విభూతి అంటే బూడిద, బూడిదతో మనం తరతరాలు గిన్నెలు తోముకున్నాం, అంటే అది రుద్దే పదార్థమని మన వంటింటికి ఎప్పటి నుంచో తెలుసు. కాబట్టి పూజ తరవాత ఎండిపోయిన పట్టీలను పొడిగుడ్డతో గట్టిగా రుద్ది తీసేవాడు, అమ్మవారి ప్రసాదంతో తన కారుకి తానే రబ్బింగ్ చేస్తున్నాడు. నీళ్లు పోస్తే పోతుంది. అమ్మవారు ఏమీ అనుకోదు.

"ఇన్ని తిప్పలెందుకు, సిరామిక్ కోటింగ్ వేయిస్తే జన్మలో గీత పడదట" అనేది ఆధునికుల వాదన. ఆ డబ్బా మీద 9హెచ్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. వజ్రం కాఠిన్యం పది, దీనిది తొమ్మిది, అంటే వజ్రానికి తమ్ముడన్నమాట అని కొనేవాడు లెక్కేసుకుంటాడు. ఆ 9హెచ్ మోస్ కొలమానం కాదు, పెన్సిళ్ల కొలమానం. డ్రాయింగు క్లాసులో హెచ్‌బీ, 2బీ, 4హెచ్ అని వాడతామే, ఆ వరసలో గట్టిదైన 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడదని దాని అర్థం. మన కారు మీద ఎవరైనా పెన్సిల్‌తో దాడి చేస్తే సిరామిక్ కాపాడుతుంది. మన కారు మీద జరిగేది పెన్సిల్ దాడి కాదు, క్వార్ట్జ్ దాడి. సిరామిక్ వల్ల లాభాలు లేవని కాదు. నీళ్లు నిలవవు, మురికి అంత గట్టిగా అంటుకోదు, కడగడం తేలిక. అంటే అది కూడా తుడవడం తగ్గించే సాధనమే, బద్ధకానికి మిత్రుడే. దాన్ని వేయించుకుని ఇక భయం లేదని రెట్టింపు ఉత్సాహంతో తుడిచేవాడికి మాత్రం అది ఏమీ చెయ్యలేదు. 2005లో నిస్సాన్ కంపెనీ సన్నగీతలు వాటంతటవే పూడుకునే క్లియర్ కోట్ ఒకటి ప్రకటించింది. ఇప్పుడు పీపీఎఫ్ పేరుతో అతికించే పాలీయురేథేన్ ఫిల్ముల్లో కూడా వేడికి గీతలు పూడే గుణం ఉంది. మనిషి చెయ్యి ఊరుకోదని కంపెనీలకే అర్థమైపోయి, ఆయన గీస్తే దానంతట అది మానేలా రంగునే తయారు చేసుకుంటున్నారు. చికిత్స లేని రోగి దొరికితే డాక్టర్లు చేసేది ఇంతే.

ఇక చివరి అభ్యంతరం తాత్వికమైనది: "గీతలు లేని మెరుపు కోసం తాపత్రయం ఒట్టి డాబు కాదా?" డాబే. కానీ పైమెరుగుల విషయంలో విజయనగరం ఎవరికీ పాఠాలు చెప్పించుకోనక్కర్లేదు. 1892లో ఈ ఊళ్లో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కం నాటకంలో గిరీశం అన్నవాడున్నాడు. ఆయనదంతా క్లియర్ కోటే, కింద రంగు లేదు. అయినా నూట ముప్పై ఏళ్లుగా మెరుస్తూనే ఉన్నాడు. డాబుకి నేను వ్యతిరేకిని కాను. డాబు కావాలంటే లెక్క తెలిసి చెయ్యమంటాను. లెక్క తెలిసినవాడు మొదట తెల్లకారు కొంటాడు. తెల్ల రంగు మీద గీతలు పడవని కాదు, అన్నీ పడతాయి, చుట్టూ వెలుగు ఎక్కువ కావడంతో కంటికి ఆనవు. మనదేశంలో తెల్లకార్లు అంతగా అమ్ముడుపోవడానికి ఎండ వేడి, అమ్మకం ధర అని కారణాలు చెబుతారు గాని, ఆత్మగౌరవం కూడా ఒక కారణమే. నల్లకారు కొన్నవాడు మాత్రం తన తప్పులన్నీ ఎండలో ఆరబెట్టుకున్నవాడు.

అందుచేత నా తీర్పు ఇది. గీతలు మరీ కనిపించి మనసు చివుక్కుమంటుంటే ఒక్కసారి మెషిన్ పాలిష్ చేయించండి. గేజి ఉన్నచోట, డ్యూయల్ యాక్షన్ మెషిన్‌తో, ముందు ఒక మూల పరీక్ష చేసి చూపించేవాడి దగ్గర. మెత్తటి పాలిష్‌తో నూటికి ఎనభై గీతలు పోతే అక్కడితో ఆపమనండి. గోరు పెడితే తగిలే లోతైన గీతల జోలికి పోవద్దనండి. ఆ మిగిలిన ఇరవై కోసం రెండో దఫా, మూడో దఫా రుద్దించేవాడు, పండగ ఇంకాస్త ఘనంగా చెయ్యాలని మిగిలిన మడి చెక్క కూడా అమ్మకానికి పెట్టినవాడు. ఆ తరవాత నీళ్లుంటే కడగండి, లేకపోతే ఊరుకోండి. ఈ ఊరుకోవడం అన్నిటికన్నా కష్టమని నాకు తెలుసు. మన సమాజం పనికిమాలిన పని చేసేవాడిని మెచ్చుకున్నంతగా పని మానేసిన వివేకిని మెచ్చుకోదు. ఆదివారం పొద్దున్న కుర్చీలో పేపరు చదువుకుంటుంటే "ఊరికే కూర్చునే బదులు ఆ కారైనా తుడవచ్చు కదా" అని లోపలి నుంచి మాట వస్తుంది. "ఊరికే కూర్చోలేదు, క్లియర్ కోట్ కాపాడుతున్నాను" అని శాస్త్రీయంగా జవాబివ్వండి. అది నూటికి నూరుపాళ్లు నిజం. ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తాను. ఈ సిద్ధాంతాన్ని కారు వరకే ఉంచుకోండి. ఇదే ఊపులో సింకులో గిన్నెలకీ, వరండా గచ్చుకీ వర్తింపజేయాలని చూశారో, ఇత్తడి బిందె లోపలిదాకా ఇత్తడేనని నేను పైన రాసిన వాక్యాన్ని వేలు పెట్టి చూపించి మరీ మీ చేత తోమిస్తారు.